హెల్మెట్ లేని మాస్టారు

ఊరందరికీ హెల్మెట్ పాఠాలు చెప్పే డ్రైవింగ్ మాస్టారు, హెల్మెట్ లేకుండా స్కూటర్ మీంచి పడ్డాడు. పోనీ ఏ లారీయో గుద్దిందా అంటే అదీ లేదు. సందు చివరిదాకా టీకి వెళ్తూ, కుక్క అడ్డొస్తే పడ్డాడు. తల ఫుట్‌పాత్ అంచుకి తగిలింది.

ఈ ఘనకార్యం కేస్ షీట్లో చదివి నర్సు పెదవి విరిచింది.

తలకి దెబ్బలు తగిలినవాళ్లుండే ఆ వార్డులో ఆమెని అందరూ టార్చి సిస్టర్ అనేవారు. హాయిగా కునుకు తీస్తున్నవాళ్లని లేపి మరీ రెప్ప ఎత్తి కంట్లో టార్చి కొడుతుందని వాళ్ల కోపం. మాస్టారి కంట్లోనూ కొట్టింది.

"మీ పేరు చెప్పండి."

"మీరు ఏ పేరుతో పిలిస్తే అదే."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"మీ ఎదురుగా."

"ఇది ఏ నెల?"

"ఏదైతేనేం, మంచి నెల."

పక్క మంచం మీది తాతగారు కిసుక్కున నవ్వాడు. నర్సు నవ్వలేదు. పేరు, చోటు, నెల చెప్పలేకపోతున్నాడని చార్టులో రాసి డాక్టరుకి ఫోన్ చేసింది. కాసేపట్లో మాస్టారిని మళ్లీ స్కానింగ్‌కి తీసుకెళ్లారు. భోజనం కూడా ఆపేశారు.

మాస్టారి అక్క ఊడిపడింది. డ్రైవింగ్ స్కూలు ఆవిడదే. గొంతు కూడా బస్సు హారన్‌కి తీసిపోదు.

"ఏమ్మా, మా వాడు సరదాగా ఓ మాటంటే పస్తు పడుకోబెడతావా?"

"అది సరదానో, లోపల రక్తం చేరుతోందో నాకెలా తెలుస్తుందండీ? మెదడు మీద ఒత్తిడి పెరిగినా మనిషి ఇలాగే తిక్కతిక్కగా మాట్లాడతాడు. మీ తమ్ముడు మామూలప్పుడూ ఇంతేనా?"

అక్క కాస్త ఆలోచించింది. "మామూలప్పుడు ఇంకా ఘోరం."

స్కానింగ్‌లో ఏమీ లేదు. కానీ తలకి దెబ్బ తగిలినవాళ్లని కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సిందే అన్నారు డాక్టరు. కనిపెట్టే పని టార్చి సిస్టర్‌ది.

"మిమ్మల్ని సిస్టర్ అని పిలవడానికి నాకు నోరు రావడం లేదండీ" అన్నాడు మాస్టారు, కడుపు నిండగానే.

"అయితే నోరు మూసుకుని నా వేళ్లు గట్టిగా నొక్కండి."

"అబ్బ! అడక్కుండానే..."

"రెండు చేతుల్లోనూ బలం సమానంగా ఉందో లేదో చూడ్డానికి. సిగ్గుపడ్డానికి కాదు. ఊఁ, ఇప్పుడు చేతులు ముందుకి చాపి కళ్లు మూసుకోండి."

మూసుకున్నట్టే మూసుకుని ఒంటికన్నుతో చూశాడు.

"దొంగచూపులు కూడా డ్రైవింగ్‌లో నేర్పుతారా?"

"అద్దంలో వెనకెవరొస్తున్నారో చూడమని నేర్పుతాం."

"ముందున్న కుక్కని చూడమని కూడా నేర్పాల్సింది."

వార్డంతా గొల్లుమంది. మాస్టారు ముఖం మాడ్చుకుని అటు తిరిగి పడుకున్నాడు.

"అంత పనికిమాలిన మనిషిని నేనెక్కడా చూడలేదు" అంది నర్సు, భోజనాల దగ్గర.

"పొద్దున్నుంచీ ఆ పనికిమాలిన మనిషి గురించే చెబుతున్నావు" అంది తోటి నర్సు.

టార్చి సిస్టర్ తన టిఫిన్ డబ్బా మూత ఠప్పున మూసింది.

మర్నాడు ఇంటికి పంపిస్తారనగా, మధ్యాహ్నం వాన దంచేస్తోంది. అక్క సంబరంగా ఎదురొచ్చింది. "ఇన్నాళ్లకి మా వాడికి బుద్ధొచ్చిందమ్మా. తలనొప్పని పడుకున్నాడు. నోరెత్తితే ఒట్టు."

నర్సు అతన్ని లేపింది. పేరు సరిగ్గా చెప్పాడు. ఆస్పత్రిలో ఉన్నానన్నాడు. నెల దగ్గర ఆగిపోయాడు.

"చెప్పండి, ఏ నెల?"

"చెప్తాను... సిస్టర్."

సిస్టర్! అలా పిలవడానికి నోరు రాదన్న మనిషి!

వేళ్లు నొక్కమంది. కుడిచెయ్యి బిగిసింది, ఎడమచెయ్యి ఊరికే తగిలింది. చాపిన చేతుల్లో ఎడమది మెల్లగా కిందకి వాలిపోయింది. టార్చి వేసింది. కుడికంటి పాప పెద్దదై, వెలుగుకి బద్ధకంగా కదిలింది.

ఆమె కేకకి డాక్టరు పరుగెత్తుకొచ్చారు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరుతోందని స్కానింగ్‌లో తేలింది. స్ట్రెచర్ ఆపరేషన్ థియేటర్ వైపు పరుగు తీసింది.

"ఏదో ఒకటి వాగండి! మిమ్మల్నే!" అంటూ నర్సు పక్కనే పరుగెత్తింది. అతను కళ్లు తెరవలేదు. తలుపులు మూసుకున్నాయి.

"నీ డ్యూటీ అయిపోయిందిగా, ఇంటికెళ్లలేదేం?" అంది అక్క చాలాసేపటికి, ఏడ్చిన గొంతుతో.

"వాన పడుతోందండీ."

అక్క కిటికీ వైపు చూసింది. బయట ఎండ కాస్తోంది. నర్సుకి కాస్త చోటిచ్చి పక్కకి జరిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికెళ్లే రోజు, గుండు మీద కట్టుతో మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మీకో మాట చెప్పాలి."

"చెప్పకండి. పుర్రెకి కన్నం పెట్టించుకున్నవాళ్ల మాట నేను నమ్మను. పైగా మీరు నా పేషెంటు. పూర్తిగా నయమయ్యాక కూడా అదే మాట ఉంటే, అప్పుడు రండి."

తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వానలు పోయి చలి వచ్చింది. "మగాళ్లు! గుమ్మం దాటితే చాలు, మర్చిపోతారు" అని తిట్టుకుంటూనే వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసేది.

చివరికి ఒక సెలవు రోజు, కారు నేర్చుకోవాలన్న వంకతో డ్రైవింగ్ స్కూలుకి బయల్దేరింది. ఆమెకి కారు లేదు. కొనే ఆలోచనా లేదు.

క్లాసులో మాస్టారు ఉన్ని టోపీ తీసి కుట్ల మచ్చ చూపిస్తున్నాడు. "హెల్మెట్ ఎందుకనుకునే మేధావులు దీన్ని చూడండి. నాకంటే మూర్ఖుడు ఈ ఊళ్లో దొరకడు."

"దొరకడు" అంది నర్సు, వెనక బెంచీలోంచి.

చాక్‌పీస్ కిందపడింది. క్లాసు అక్కడితో ముగిసింది.

"ఎందుకు రాలేదు?" అంది, గది ఖాళీ అవగానే.

"పూర్తిగా నయమయ్యాకే రమ్మన్నారుగా. ఎడమచేత్తో ఇంకా చొక్కా గుండీ పెట్టుకోలేను. బండి నడపనివ్వడం లేదు. సగం మనిషిని వచ్చి ఏం చెప్పను?"

అతని గొంతులో వేళాకోళం లేదు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"నేనన్నది తల గురించి! గుండీల గురించి కాదు! ఇంత తెలివితక్కువ మనిషి కోసం ఇన్నాళ్లూ గుమ్మం వైపు చూశానంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది."

"చూశారా?"

"చూశాను. ఇప్పుడు చెప్పండి ఆ మాట."

"మీరంటే నాకు చచ్చేంత ఇష్టం."

"చచ్చేంత వద్దు. ఒకసారి చూశాను, చాలు." కళ్లు తుడుచుకుంది. "నాకూ ఇష్టమే" అంది, తిట్టినట్టుగా.

"అయిందా?" అంటూ అక్క లోపలికొచ్చింది. "వరండాలో నిలబడి నా కాళ్లు పీకుతున్నాయి."

నర్సు కంగారుగా లేచింది.

"కూర్చోమ్మా. మా అమ్మ పోయినప్పటినుంచీ వీణ్ణి తిట్టే డ్యూటీ నాదే. ఒక్కదాన్నే చేసి చేసి అలిసిపోయాను. ఇక నువ్వు పుచ్చుకో."

"అక్కా, నా మాట కూడా..." అన్నాడు మాస్టారు.

"నువ్వు నోర్ముయ్!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నర్సు అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. మాస్టారు మారుమాట్లాడకుండా నోరు మూసుకుని, చెవులదాకా నవ్వాడు.