పదహారు తన్నులు

"కిక్కులెన్ని సార్, పొద్దుట్నించి?" అని ఫోన్లో అడిగింది ఆసుపత్రి సిస్టరమ్మ.

నాలుగు మరమగ్గాలు దడదడలాడే ఇంట్లో ఒక చెవికి ఫోనూ, రెండో చెవికి అరచేయీ ఆనించుకుని నిలబడ్డ గురప్పకు ఆ మాట "చిక్కులెన్ని" అని వినిపించింది. నగరిలో మగ్గాలున్నవాడిని పొద్దున్నే నూలు చిక్కుల గురించి అడగడం వింతేమీ కాదు. నూలు అమ్మినవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

"మూడమ్మా," అన్నాడు గట్టిగా. "ఒగటి మరీ పెద్దది. కత్తిరించి పారేసినా."

"మూడేనా? మరి నిన్న?"

"నిన్న ఒగటి కూడా లేదు. నిన్నంతా హాయిగా ఉణ్ణింది."

"ఒక్కటీ లేకుంటే హాయేంది సార్! వెంటనే బండెక్కించండి!"

"చిక్కుల్ని బండెక్కించేదేందమ్మా?"

జ్ఞానాంబ వచ్చి మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "సిస్టరమ్మా, ఈయన మాటలు పట్టించుకోవద్దు. నేను భానుప్రియ అత్తని. బిడ్డ తన్నులే కదా నువ్వడిగేది? ఇప్పుడే లెక్కబెట్టినా. గంటలో పదహారు."

సిస్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. రేపు గురువారం డాక్టరమ్మ దగ్గరికి తప్పకుండా తీసుకురమ్మని, మధ్యలో ఏ తేడా అనిపించినా ఆగొద్దని చెప్పి పెట్టేసింది.

"కిక్కో చిక్కో, మన లెక్క మాత్రం పక్కా," అని గురప్ప గోడకు తగిలించిన కాగితంలో పదహారు వేసి కింద గీత గీశాడు. "పెండ్లయిన ముప్పై ఏండ్లకు నీకు తన్నులు లెక్కబెట్టే ఉద్యోగం దొరికింది గదమే! నేనైతే ఇన్నేండ్లూ నీతో తింటానే ఉండా, ఏనాడన్నా లెక్క రాసినానా?"

జ్ఞానాంబ నవ్వింది. గోడవారగా ఇనప మంచం మీద ఎడమపక్కకు తిరిగి పడుకున్న భానుప్రియ నవ్వలేదు.

భానుప్రియకు ముప్పై మూడో వారం. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలబడలేదు. ఈసారి నిలబడింది గానీ వెంట బీపీని తెచ్చుకుంది. బిడ్డ ఉండాల్సినంత బరువు లేదు. తిరుపతిలో ఇలాంటి కష్టపు కాన్పులే చూసే డాక్టర్ కృపారాణి పోయిన వారం, "ఆసుపత్రిలోనే ఉంటే మేలు" అంది. "ఓపీ అంటేనే ఓపిక పరీక్ష గదమ్మా, ఇంక లోపలుండేదంటే మా పాపకు దిగులే" అని బతిమలాడి కోడల్ని ఇంటికి తెచ్చింది గురప్పే. బీపీ మాత్రలకు లొంగింది కాబట్టి డాక్టరమ్మ ఒప్పుకుంది. కానీ వేలు చూపించి మరీ చెప్పింది. అన్నం తిన్న ప్రతిసారీ తల్లి ఎడమపక్కకు పడుకుని బిడ్డ కదలికలు లెక్కబెట్టాలి. రెండు గంటల్లో పది రాకపోయినా, మామూలుకంటే తగ్గినట్టు అనిపించినా, ఫోన్లు చేస్తూ కూర్చోకుండా బయల్దేరాలి.

ఇంటికొచ్చిన రెండో రోజే లెక్క చేతులు మారింది. "బిడ్డ మాయ ముందరపక్క ఉండాదంట, కదిలేది నీకు సరిగా తెలీదులే. నా చెయ్యి సూడు," అంది జ్ఞానాంబ. ఆ చెయ్యి మీద గురప్పకు గురువు మీద ఉన్నంత గురి. వెయ్యి పోగుల్లో ఒక పోగు తెగితే కళ్ళు మూసుకుని పట్టే చెయ్యి అది.

"మామా," అంది భానుప్రియ మెల్లగా. "నిన్నట్నించి నాకేం తెలీడం లేదు. రాత్రంతా మేలుకోనుంటి. ఒగటీ కొట్టలేదు."

"రాత్రి ఎట్ల కొడతాది? మన రక్తం పాపా, డ్యూటీ టైములోనే పని చేస్తాది!" అన్నాడు గురప్ప. "అదో, పదహారు రాసుండాది. కాగితం అబద్ధం చెప్తాదా?"

భానుప్రియ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దిగులు కూడా ఈ రోగంలో ఒక భాగమేనని గురప్పకు గట్టి నమ్మకం. అందుకే జోకుల మాత్ర మూడు పూటలా వేస్తున్నాడు.

పదిన్నరకు చెప్పాపెట్టకుండా చిత్తూరు నుంచి యశోదమ్మ దిగింది. భానుప్రియ తల్లి. ఇరవై ఏళ్ళుగా అంగన్‌వాడీలో ఆయమ్మ. చెప్పులు విడుస్తూనే కూతురి మొహం చూసింది, పాదాల మీద వేలితో నొక్కింది. గుంట పడింది. పడిన గుంట లేవలేదు.

"బీపీ ఎంతుండాది?"

"నూట యాభై, అత్తా," అన్నాడు రవిచంద్ర. గురప్ప కొడుకు, భానుప్రియ మొగుడు, పొద్దున షిఫ్టు మగ్గాలన్నీ అతనివే. "నిన్నటికంటే కొంచెం ఎక్కువ."

"కొంచెమా? లే పాపా, చీర మార్చుకో. ఇప్పుడే తిరుపతికి పోతాం."

"రేపు పోతా ఉండాం గదా చెల్లెమ్మా," అన్నాడు గురప్ప. "బీపీ అంటే బిడ్డ పెరుగుడు. పెరగనీ! దారిలో ఆ కుదుపులకు బిడ్డకేమన్నా అయితే?"

"అన్నా, ఎగతాళి పక్కన పెట్టు. నా బిడ్డ రాత్రి ఫోన్లో మాట్లాడిన గొంతు బాగలేదు. రెండు పోగొట్టుకున్న పిల్ల అది."

"అది పోగొట్టుకుంటే మేము పోగొట్టుకోలేదా?" గురప్ప గొంతు లేచింది. "మేమేమన్నా సూడకుండా ఉండామా? మంచం దింపలేదు, చెంబు ఎత్తనీలేదు. ఇదో కాగితం! పద్నాలుగు, పదహైదు, పదహారు! నువ్వు అంగన్‌వాడీలో గుడ్లు లెక్కబెట్టినంత సులువుగా మా లెక్క తప్పంటావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. జ్ఞానాంబ పెదవి కొరుక్కుంది.

యశోదమ్మ మంచం పక్కన కింద కూర్చుని కూతురి పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. రెండు నిమిషాలు. ఆమె మొహంలో బిగువు కాస్త సడలింది. "ఊఁ... తగలతా ఉండాది. ఒగటి... మళ్ళీ ఒగటి..."

"నేను చెప్పలా!" అన్నాడు గురప్ప. గెలిచినవాడి నవ్వు అది.

"అమ్మా, అది కాదు..." అని భానుప్రియ ఏదో అంది. మగ్గాల మోతలో ఎవరికీ వినపడలేదు.

"ఏందీ?" అంది యశోదమ్మ. "థూ, ఈ ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడదు గదా! రవీ, ముందు వాటిని నిలిపెయ్ నాయనా!"

"రేపటికి ముప్పై చీరలియ్యాల చెల్లెమ్మా..."

రవిచంద్ర తండ్రి వైపు చూడలేదు. నేరుగా పోయి మెయిన్ స్విచ్ దించేశాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఇంటివాళ్ళకు మగ్గం మోత మోత కాదు, అదే వాళ్ళ నిశ్శబ్దం. అది ఆగితేనే చెవులు రిక్కిస్తారు. ఇప్పుడు అందరూ రిక్కించారు. గోడ అదిరేది ఆగింది. కిటికీ ఊచలు ఆగాయి. ఇనప మంచం కోళ్ళు నేల మీద వేసే సన్నని దరువు ఆగింది.

యశోదమ్మ చెయ్యి పొట్ట మీదే ఉంది. ఒక నిమిషం. రెండు. ఆమె చెయ్యి జరిపింది, ఇంకా కిందికి, పక్కకి. అయిదు నిమిషాలు.

"వదినా," అంది జ్ఞానాంబతో. "నువ్వు సూడు."

జ్ఞానాంబ చెయ్యి పెట్టింది. వెయ్యి పోగుల్లో తెగిన పోగును పట్టే చెయ్యి. దానికి ఏమీ తగల్లేదు.

"ఇందాకటిదాకా కొడతానే ఉణ్ణింది గదా..."

"అదే చెప్తా ఉండా గదమ్మా," అంది భానుప్రియ. ఈసారి ఆమె మాట ఇల్లంతా వినపడింది. "రెండు దినాలుగా చెప్తానే ఉండా. నాకేం తెలీడం లేదని."

అద్దె కారు ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఆ ఇరవై నిమిషాలు గురప్ప వీధిలోనే నిలబడ్డాడు. కారు పుత్తూరు దాటింది. వెనక సీట్లో తల్లి ఒడిలో తల పెట్టుకుని భానుప్రియ ఎడమపక్కకు పడుకుంది. రవిచంద్ర సిస్టరమ్మకు ఫోన్ చేసి విషయం చెబుతుంటే, "నేరుగా లేబర్ రూముకే తీసుకురండి, చీటీ రాయించే పని లేదు, డాక్టర్‌కి ఇప్పుడే చెప్తా" అనే మాటలు ముందు సీట్లో గురప్పకు స్పష్టంగా వినపడ్డాయి. ఎందుకో, అంత స్పష్టంగా ఎవరి మాటా విని ఎన్నాళ్ళయిందో అనిపించింది అతనికి. రేణిగుంట దగ్గర గేటు పడింది. గూడ్సు బండి. పెట్టెలు ఒక్కొక్కటే పోతుంటే అతనికి జోకు గుర్తు రాలేదు, దేవుడు కూడా గుర్తు రాలేదు. కొండ కనిపించాక గానీ చేతులు జోడించలేదు.

ఆసుపత్రిలో అంతా పరుగు మీద జరిగింది. పొట్టకు పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. ఉంది! యశోదమ్మ గోడకు ఆనుకుని ఏడ్చేసింది. కానీ డాక్టర్ కృపారాణి మొహం తేలిక పడలేదు. స్కానింగులో బొడ్డుతాడు చూసి, బయటికి వచ్చి రెండే ముక్కలు చెప్పింది.

"బిడ్డకు రక్తం సరిగా అందడం లేదు, అలసిపోయింది. తల్లి బీపీ కూడా నూట డెబ్బైకి పోయింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్ ఇచ్చినాము, కానీ అది పూర్తిగా పనిచేసేదాకా ఆగలేము. ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేయాల. సంతకం ఎవరు పెడతారు?"

రవిచంద్ర పెట్టాడు. అక్షరాలు వంకర పోయాయి.

యాభై నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది. "ఆడపిల్ల. కిలో మూడు వందల ఎనభై గ్రాములు. ఏడ్చింది, కానీ ఊపిరికి సాయం కావాల. అద్దాల పెట్టెలో పెట్టినాము. మూడు దినాలు గడిస్తే గానీ నేనేమీ చెప్పలేను. తల్లి మెలకువగానే ఉంది, బీపీ దిగుతా ఉంది." డాక్టర్ కృపారాణి చేతిలో నగరి నుంచి తెచ్చిన కాగితం ఉంది. "ఇది ఎవరు రాసినారు? పొద్దున పదహారు అని రాసినారు. ఈ బిడ్డ రెండు దినాలుగా ఇన్నిసార్లు కదిలి ఉండదు. లెక్క సరిగా ఉంటే నిన్ననే వచ్చి ఉందురు."

వరండాలో అందరి కళ్ళూ జ్ఞానాంబ మీద పడ్డాయి.

"అమ్మా," అన్నాడు రవిచంద్ర, పళ్ళు బిగబట్టి. "దొంగలెక్క రాసినావా? మగ్గాలు ఆగిపోతాయనా? ముప్పై చీరల కోసమా?"

"నా మీద ఒట్టు నాయనా! ఆ కొండమీది సామి మీద ఒట్టు! నా చేతికి తగిలింది... ప్రతిసారీ తగిలింది..." జ్ఞానాంబ అరచెయ్యి తెరిచి పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది, అదేదో పరాయిది అన్నట్టు.

"వదిన అబద్ధం చెప్పలేదు రవీ," అంది యశోదమ్మ, ఎవరూ అనుకోనట్టుగా. "నా చేతికీ తగిలింది. నేనూ లెక్కబెట్టినా. అంతలోనే ఆగిపోయింది. ఏమయ్యిందో నాకూ తెలీదు."

"నాకు తెల్సు," అన్నాడు గురప్ప.

అతని గొంతు అంత చిన్నగా అంతకుముందు ఎవరూ వినలేదు.

"డాక్టరమ్మా, తప్పు ఈ ఆడోళ్ళది కాదు. గాలి ఆడతాదని పాప మంచం మగ్గాల గోడకు ఆనించి వేసింది నేను. ఇనప మంచం. గోడకి అవతల నాలుగు మగ్గాలు. మగ్గం ఆడితే గోడ అదురుతాది, గోడ అదిరితే మంచం, మంచం అదిరితే పాప పొట్ట. ముప్పై ఏండ్లుగా ఆ అదురులోనే తిని ఆ అదురులోనే పండుకొనేటోళ్ళం, మాకది తెలీదు. మా ఆవిడ మగ్గాన్ని లెక్కబెట్టింది. బిడ్డను కాదు. మా చెల్లెమ్మ చేతికి తగిలిందీ మగ్గమే. రవి స్విచ్చి దించినాడు, తన్నులు ఆగినాయి." అతను కొడుకు వైపు తిరిగాడు. "మీ అమ్మను అనాకు. తల్లే లెక్కబెట్టాలని డాక్టరమ్మ చెప్పింది. నేను తల్లి మాట తప్ప అన్నీ నమ్మినా. కాగితాన్ని నమ్మినా, ఈమె చేతిని నమ్మినా. ఆ పిల్ల రాత్రంతా మేలుకోని చెప్తే నవ్వినా."

యశోదమ్మ జ్ఞానాంబ పక్కన పోయి కూర్చుంది. తెరిచి ఉన్న ఆ అరచేతిని మూసి, తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. రవిచంద్ర తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఆ స్విచ్ దించమన్నది ఎవరో గానీ," అంది డాక్టర్ కృపారాణి కాగితం మడుస్తూ, "సాయంత్రం దాకా ఆగుంటే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేది."

చీకటి పడకముందే భానుప్రియను వార్డుకు మార్చారు. ఒక్కొక్కరుగా పోవచ్చన్నారు. బీపీ ఇంకా పూర్తిగా దిగలేదు, ఏ తేడా ఉన్నా వెంటనే పిలవమన్నారు. ముందు గురప్పనే పంపింది యశోదమ్మ. అతను మంచానికి బారెడు దూరంలో ఆగిపోయి, వరండాలో చెప్పిందంతా మళ్ళీ మొదట్నించీ చెప్పాడు. గోడ, మంచం, మగ్గం, పదహారు. ఎక్కడా చమత్కారం రాలేదు. చివర, "నువ్వు చెప్పిందొగటే నిజం పాపా. నన్ను తిట్టు," అన్నాడు.

భానుప్రియ కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"తిట్టే ఓపిక లేదు మామా. తర్వాత తిడతా."

"తిట్టు. ఎప్పుడైనా తిట్టు."

"మామా..."

"చెప్పు పాపా."

"తల నొప్పిగా ఉండాది. కండ్లు మసకగా..."

మిగతా మాట ఆమె గాలికే చెప్పుకోవాల్సి వచ్చింది. గురప్ప అప్పటికే వరండాలో, పంచె మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని, "సిస్టరమ్మా! మా పాపకు తలనొప్పంట! కండ్లు మసకంట! ఆమే చెప్పింది! రాండి, ఆమే చెప్పింది!" అని ఆసుపత్రంతా వినపడేలా కేకేస్తూ పరుగెత్తుతున్నాడు.