పావ్‌పావ్ వాగు దగ్గర రెండు పిలుపులు

చీకటి పడ్డాక పావ్‌పావ్ వాగు వంతెన దగ్గర బండి ఆపొద్దని మా కొండల్లో అందరూ చెప్తారు. దళాల రేడియో మాటలు వినిపించే స్కానర్లో అక్కడ మనిషి లేని గొంతు వస్తుందట. బొగ్గు లారీ నడిపే హార్లన్ చెవులారా విన్నానన్నాడు. "పదిహేడూ... పదిహేడూ..." అని రెండుసార్లు... అంతే. తర్వాత ఉత్త గరగర.

పదిహేడు మా అన్న కోల్బీ రేడియో నంబరు. ఊరి ఫైరింజన్ దళంలో ఉండేవాడు. ఆ వాగులోనే పోయాడు, ఏడాదిన్నర అయింది.

హార్లన్ మాట విన్న మర్నాడే వెర్నన్ బాబాయ్ రేడియోల కొట్టుకెళ్ళి, నా కారు డాష్‌బోర్డులో పెట్టడానికి స్కానర్ కావాలన్నాను. కొత్తవి మూడు బల్ల మీద పరిచాడు. నేను అటకమీద దుమ్ము కొట్టుకుపోయిన పాతదాన్ని చూపించాను.

"అదెందుకే? దళం వాళ్ళంతా కొత్త ఛానల్‌కి మారిపోయారుగా. దీంట్లో ఇప్పుడు దెయ్యాలు తప్ప..." అంటూ నా మొహం చూసి నాలిక కరుచుకున్నాడు.

అలాంటి మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఛానల్ మారిన ఏడాది, నాన్న ట్రక్కులోని పాత స్కానర్ తీసేయమని పోరింది నేనే. మూడు సాయంత్రాలు కూర్చుని కొత్తది ఎంచాను. బిగించేటప్పుడు "పాత ఛానల్ కూడా ఉంచనా?" అని బాబాయ్ అడిగాడు. "దాంట్లో ఇక ఎవరు మాట్లాడతారు? తీసెయ్," అన్నాను.

పదకొండు రోజులకి వాగు పొంగింది. నీళ్ళలో ఒక కారులో చిక్కుకున్నవాళ్ళని కోల్బీ బయటికి లాగుతున్నాడు. లోయలో కొత్త ఛానల్ అందక, అలవాటు కొద్దీ పాత ఛానల్లో పిలిచాడు. నాన్న ట్రక్కులో పైన మలుపు దగ్గరే ఉన్నాడు. స్కానర్ కిక్కురుమనలేదు... ఆ పిలుపు విన్నది వంటింట్లో పాత స్కానర్ డబ్బా ఉంచుకున్న ఓపల్ పిన్ని ఒక్కతే. ఆవిడ ఫోన్లు చేసేసరికి ఆలస్యమైపోయింది.

దళంలో మనిషి పోతే, సమాధి దగ్గర రేడియోలో అతని నంబరు మూడుసార్లు పిలుస్తారు. మూడోసారీ జవాబు రాకపోతే డ్యూటీ దిగాడని ప్రకటిస్తారు. అన్నని రెండుసార్లు పిలిచారు. మూడోది వినకుండా నాన్న లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వాడి పేరెత్తలేదు. పొద్దువాలగానే కాఫీ తాగొస్తానని ట్రక్కు వేసుకుని పోతాడు.

బాబాయ్ పాత స్కానర్ బిగించిన రాత్రి వంతెనకి ఇవతల కారు ఆపి దీపాలార్పేశాను. వాగు చప్పుడు. స్కానర్లో ఎర్రటి చుక్క... దాని గరగర.

ఉన్నట్టుండి గరగర ఆగింది.

"పదిహేడూ..."

గొంతు బొంగురుగా, ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టుంది.

"పదిహేడూ... పలుకు..."

మూడోదాని కోసం స్కానర్‌కి చెవి ఆనించాను. రాలేదు. జవాబిద్దామంటే స్కానర్‌కి చెవులే గానీ నోరు లేదు.

అవతలి గట్టున ఇంజను దగ్గింది. ఒక్క దీపం వెలిగింది. కుడిది. ఎడమది నెల్లాళ్ళుగా మాడిపోయి ఉంది, మార్పించు నాన్నా అని నేను రోజూ అంటూనే ఉన్నాను.

నేను ఇల్లు చేరి చిక్కుడు గింజలు వేడి చేస్తుండగా నాన్న వచ్చాడు. కోటు జేబులో అన్న పాత చేతి రేడియో బరువుగా వేలాడుతోంది.

"కారు బురదయిందే. ఎక్కడికెళ్ళావు తల్లీ?"

"కొత్తగా పెట్టించిన స్కానర్ పనిచేస్తుందా లేదా అని చూశా."

"ఏమన్నా వినపడిందా?"

"రెండుసార్లు వినపడింది నాన్నా."

జేబులోంచి రేడియో తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడోసారి పిలవడానికి... నోరు రావట్లేదు తల్లీ. మూడోసారి కూడా పలక్కపోతే వాడు పోయినట్టేగా." తనలో తను అన్నట్టు, "అసలా పాత ఛానల్ ట్రక్కులో ఎందుకు లేకుండా పోయిందో..." అన్నాడు.

గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

నాకూ నోరు రాలేదు.