అందరూ మొహమే చూశారు

"కాలు పెట్టు అత్తమ్మా… టైమ్ దాటిపోతున్నది!"

సరళ అలా అనడం అది నాలుగోసారి. వాకిట్లో జూలూరుపాడు దగ్గరి తండా నుంచి ట్రాక్టర్ కట్టించుకుని వచ్చిన చుట్టాలు, కాగితం మిల్లులో భర్త బాబూరావుతో పనిచేసే వాళ్లు, సారపాకలో కొత్తగా పరిచయమైన ఇరుగుపొరుగు… అందరూ మాటలు ఆపేసి అటే చూస్తున్నారు. ఇంటికి పెద్దదిక్కు కనుక కొత్తింట్లో ముందు అత్తగారే కాలు పెట్టాలని పట్టుబట్టింది సరళే. పాలగిన్నె ఆమె చేతికిచ్చిందీ సరళే. ఆ అత్తగారు చాంది మాత్రం గడప ముందు నిలబడిపోయింది. ముందుకు లేదు, వెనక్కి లేదు! మొహంలో నవ్వు లేదు, కోపం లేదు, నోట మాట లేదు.

"యాడీ, ఏందే ఇది? నడువు!" అంటూ బాబూరావు తల్లి చెయ్యి పట్టి లాగాడు. చాంది ఆ చేతిని విదిలించి కొట్టింది. గిన్నెలో పాలు గడప మీద ఒలికిపోయాయి. అమ్మో… ఆ క్షణంలో సరళకు భూమి తెరుచుకుని తనను మింగేస్తే బాగుండుననిపించింది! గుంపులోంచి ఆడబిడ్డ సోని దూసుకొచ్చింది.

"తండా ఇడిచి రానని మా యాడి మొదట్నుంచి చెప్తనే ఉన్నది గదా! ఇష్టం లేని ఇంట్ల కాలు పెట్టుమని నలుగుర్ల గిట్ల బలిమి జేస్తరా? నడువే యాడీ, తండాల నా ఇల్లు లేదా నీకు?" అంటూ తల్లిని ఆటో దగ్గరికి తీసుకుపోయింది. నాలుగు నిమిషాలు సరళ గడప దాటని ఆ కాళ్లు ఆటో ఎక్కడానికి మాత్రం టక్కున లేచాయి! సరళ అది చూసింది. చూసి, పసుపు రాసిన కొత్త గడప మీదే కూలబడి బోరున ఏడ్చింది.

ఏడవక ఏం చేస్తుంది చెప్పండి? పదకొండేళ్ల కాపురంలో అత్తగారు తనను పల్లెత్తు మాట అన్నది లేదు. రెండు కాన్పులకూ వేడినీళ్లు కాచి పోసి, నడుముకు గుడ్డ కట్టి, పొద్దూమాపూ కనిపెట్టుకుని ఉన్నది ఆ మనిషే. అలాంటి మనిషి ఒక్కసారిగా నలుగురిలో ఇంత అవమానం చేసిందంటే… ఎందుకు? ఆ రోజు నుంచి సరళను కోపం కన్నా ఎక్కువగా ఆ 'ఎందుకు' తినేసింది. ఇల్లు సారపాకలో కట్టించినందుకా? తన అంగన్‌వాడీ జీతం చూసుకుని మిడిసిపడుతున్నానని అనుకుందా? పిల్లల బరువులు తూస్తూ, రిజిస్టర్‌లో రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయి, "ఎందుకు అత్తమ్మా?" అని తనలో తానే అడిగేది. బాబూరావు ఆ మాటే ఎత్తనిచ్చేవాడు కాదు. మధ్యలో మగాడికేం, డ్యూటీ పేరు చెప్పి తప్పించుకున్నాడు!

మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకనాడు బాబూరావు చుట్టాల పెళ్లిమాటలకని తండాకు వెళ్లివచ్చి, అన్నం ముందు కూర్చుని, "యాడి చెయ్యి బాగా వణుకుతున్నది… ముద్ద నోటిదాక పోతలేదు," అన్నాడు. అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ వారమే మీటింగ్‌లో ఆశా వర్కర్ ఎర్రమ్మ ఒక సంగతి చెప్పింది. భద్రాచలం పెద్ద దవాఖానాకు హైదరాబాద్ నుంచి ఒక టీమ్ వచ్చిందట. చెయ్యి వణికే వాళ్లను నరాల డాక్టర్ చూస్తారట, ఇష్టమైతే వాళ్ల నడకను కొలిచి పరిశోధన కోసం రాసుకుంటారట. కోపం కోపమే, అత్తమ్మ అత్తమ్మే అనుకుంది సరళ. తండాకు వెళ్లి, సోని మూతివిరుపులు భరించి, చాందిని బస్సెక్కించింది.

డాక్టర్ చూసి పార్కిన్సన్స్ జబ్బు అన్నారు, మాత్రలు రాసిచ్చారు. తర్వాత వాళ్లను పక్క హాల్లోకి పంపారు. అక్కడ ఉన్నది లిఖిత అనే అమ్మాయి. ఫిజియోథెరపీలో పరిశోధన చేస్తోంది, సత్తుపల్లి పిల్ల. "మామ్మగారూ, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, మీ మందులకేం ఇబ్బంది ఉండదు," అని నింపాదిగా చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంది. ఆ తర్వాత జరిగిందంతా సరళ కళ్లు విప్పార్చుకుని చూసింది! చాంది రెండు చీలమండలకూ గడియారం పట్టీల్లాంటివి కట్టారు. బొటనవేలూ చూపుడువేలూ టకటకా తాకించమన్నారు. కుర్చీలోంచి లేచి, నేల మీద అంటించిన పసుప్పచ్చ టేపు దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోమన్నారు. ఒకామె చేతిలో గడియారం, ఒకామె చేతిలో కెమెరా. ఇంత చిన్న నడకలో ఇన్ని కొలతలా! పిల్లల ఎత్తూ బరువూ తప్ప ఎరగని సరళకు తన బాధ కూడా కాసేపు గుర్తుకురాలేదు.

కాని చాంది ఎలా నడిచిందనుకున్నారు? నెమ్మదిగానే అయినా ఎక్కడా ఆగలేదు. రెండు కుర్చీల మధ్య సందులోంచి నడవమంటే అలాగే నడిచింది. తలుపు దాటమంటే దాటింది!

"నడిచేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఎప్పుడైనా అనిపిస్తుందా మామ్మగారూ?" లిఖిత కాగితం చూసి అడిగింది.

"లేదు బిడ్డా. ఎన్నడు లేదు," అంది చాంది, నేల చూస్తూ.

సరళ లేచి నిలబడింది. అయితే కాళ్లలో ఏ లోపమూ లేదన్నమాట! ఇంతమంది చదువుకున్నవాళ్లు కొలిచి మరీ తేల్చారు. నా గడప దగ్గర కావాలనే ఆగింది… కావాలనే! వరండాలోకి పరుగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. లిఖిత వెనకే వచ్చి మంచినీళ్ల సీసా ఇచ్చింది. ఆ అమ్మాయి మొహం చూసేసరికి సరళ ఆపుకోలేక ఆ రోజు సంగతంతా చెప్పేసింది.

లిఖిత శ్రద్ధగా విన్నది. ఓదారుస్తుందనుకుంటే, ఒక విచిత్రమైన ప్రశ్న వేసింది. "అప్పుడు మామ్మగారి పాదాలు ఎలా ఉన్నాయక్కా?"

"పాదాలా?"

"అవునక్కా. మడమలు నేలకు ఆనాయా, లేచాయా? వణికాయా?"

సరళ అటు చూడనే లేదు. ఫోన్ తీసి గృహప్రవేశం వీడియో వెతికింది. అందులో అత్తమ్మ మొహం ఉంది, పాలగిన్నె ఉంది, విదిలించిన చెయ్యి ఉంది. పాదాలు లేవు! వీడియో తీసినవాడూ మొహమే తీశాడు. అందరూ మొహమే చూశారు.

"దవాఖానాలో ఇంతమంది చూస్తుంటే మనసంతా నడక మీదే పెట్టి చక్కగా నడిచేస్తారక్కా కొందరు. ఇంట్లో చేతిలో గిన్నె, ఎదురుగా తలుపు, చుట్టూ హడావుడి ఉన్నప్పుడు కాళ్లు ఆగిపోతాయి. చెయ్యి పట్టి లాగితే పడిపోతామని భయం. మెట్టులాగా ఎత్తుగా ఉన్నది మాత్రం గబుక్కున ఎక్కేస్తారు. ఈ జబ్బులో మొహం కండరాలు కూడా బిగుసుకుంటాయి, లోపల ఎంత బాధ ఉన్నా పైకి గర్వంగా కనిపిస్తారు. అయితే మామ్మగారికి అదేనని నేను ఇప్పుడే అనను, చూడాలి. ఆదివారం పదకొండింటికి మామ్మగారు ఉండే ఇంటికొస్తాం. ఈలోగా మీరు రాసిపెడతారా? ఎందుకు ఆగారని వద్దు. ఎక్కడ ఆగారు, చేతిలో ఏముంది, ఎంతసేపు… అంతే రాయండి."

ఎందుకని వద్దట! మూడు నెలలుగా ఆ ఒక్క ముక్కతో తల బాదుకుంటున్న సరళకు అది వింతగా తోచింది. కాని ఆటో ఎక్కిన కాళ్లు కళ్లముందు మెదిలాయి.

అత్తమ్మను మళ్లీ సోని ఇంట్లోనే దింపి వచ్చిన సరళ, ఆదివారం మొదటి బస్సుకే అక్కడికి చేరింది. వాకిట్లో మంచం మీద కూర్చుని, అంగన్‌వాడీ నోట్‌బుక్ వెనక పేజీ తెరిచి, ఈసారి అత్తమ్మ మొహం చూడకూడదని ఒట్టుపెట్టుకుని పాదాలే చూసింది. వంటింటి తలుపు దగ్గర, చేతిలో చెంబు, పదిహేను అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగింది. కోళ్లగూడు దగ్గర మలుపులో, చేతిలో ఏమీ లేదు, ఆరు అంకెలు. రాళ్ల మెట్ల మీద… ఆగనే లేదు! సరళ రాయడం ఆపేసింది. ఇది నా ఇల్లు కాదే! ఇది ఆమె కన్నబిడ్డ ఇల్లే!

"ఏంది సరళా, ఒకటే రాస్తున్నవ్? మా యాడి గట్లనే తలుపుల నిలబడ్తది. కొడుకొస్తడేమోనని బాట జూస్తది," అంది సోని బియ్యం ఏరుతూ. ఉన్నట్టుండి ఆమె కళ్లు నిండాయి. "నేనెంత జేసినా గంతే గదా! నా ఇంట్ల ఉన్నా కొడుకే కావాలె!"

అయ్యో, ఎంత చోద్యం! అదే ఆగడం ఒకరికి అవమానంలా కనిపించింది, ఒకరికి కొడుకు మీద బెంగలా కనిపించింది. ఇద్దరూ చాటున ఏడ్చినవాళ్లే! అంతలో చాంది తాగేనీళ్ల బిందె చంకన పెట్టుకుని వీధి తలుపులోకి వచ్చి ఆగిపోయింది. సరళ పుస్తకం పక్కన పడేసి, పరుగున వెళ్లి ఆమె ముందు నేల మీద కూర్చుంది. మడమలు పైకి లేచి గడగడా వణుకుతున్నాయి. వేళ్లు నేలను పట్టుకుని తోస్తున్నాయి… పాపం, ఎంతగా తోస్తున్నాయో! మనిషి నడవాలనే చూస్తోంది. కాళ్లే వినడం లేదు.

"కాలు వస్తలేదు గదా అత్తమ్మా?" సరళ బిందె అందుకుని ఆ పాదాలు రెండూ పట్టుకుంది. "ఆ దినం గూడ గిట్లనే అయింది గదా! నాకెందుకు చెప్పలే? దవాఖానాల అడిగితే లేదని ఎందుకన్నవ్?"

బిగుసుకున్న చాంది మొహం మీద నుంచి కన్నీళ్లు మాత్రం ధారగా కారిపోయాయి.

"ఏమని చెప్పాలె బిడ్డా? కొత్తింటి గడప కాడ నా కాళ్లను ఎవరో పట్టుకున్నరు అంటే ఆ నలుగురు ఏమందురు? ఇల్లు మంచిది గాదందురు. గా ఇంటి ఆడదాని అడుగు మంచిది గాదందురు. నేను అత్తగారింటికి వచ్చిన ఏడు పాడిబర్రె చచ్చింది. నా అడుగు అన్నరు! పద్దెనిమిదేండ్లు నన్ను కొట్టంల కాలు పెట్టనియ్యలే, పాలచెంబు ముట్టనియ్యలే. గా మాట ఎట్ల కాలుస్తదో నాకు ఎరుక. నిన్ను అంటే… నేను ఓర్సుకుందునా? అత్తకు గీర ఉన్నదంటే తిట్టేది నన్నే. తిట్టనియ్యి అనుకున్న."

సరళ ఆ కాళ్ల మీద తల పెట్టుకుని గొల్లుమంది! మూడు నెలలు… మూడు నెలలు ఈ తల్లిని మనసులో ఎన్నెన్ని మాటలంది! సోని చేతిలోని చేట జారి బియ్యం నేలపాలయ్యాయి. "యాడీ, నువ్వు బాట జూస్తలేవా?" అని మాత్రం అడిగింది పసిపిల్లలా.

"లేదే పిచ్చిదానా! నువ్వు పెట్టే బువ్వ తినుకుంట నీకు బరువయితున్ననేమోనని నేను కుములుతున్న. కాళ్లు రాక నిలబడ్డనే!"

ఏడుపులు విని వాడ వాడంతా పోగయింది. "మళ్ల కొట్లాటనా?" అన్నాడు పక్కింటి సోమ్లా. అదే సమయానికి లిఖిత జీపు దిగింది. గుంపును, తలుపులో నిలబడ్డ చాందిని, ఆమె పాదాల దగ్గరున్న సరళను చూసింది. ఏమీ అడగకుండా నోట్‌బుక్ వెనక పేజీ చదువుకుంది. వీళ్లందరినీ ఇళ్లకు పొమ్మనాలా అని అడిగితే చాంది వద్దంది. లిఖిత తన కాగితం తీసి, కాళ్లు నేలకు అతుక్కుపోతాయా అన్న ఆ రోజు ప్రశ్నే మళ్లీ అడిగింది.

చాంది గుంపు వైపు తల తిప్పింది. ఎన్నడూ పెద్దగా మాట్లాడని ఆ సన్నటి గొంతు ఎంత పైకి లేచిందనుకున్నారు!

"అవుతది బిడ్డా, రోజు అవుతది, రాసుకో! సోమ్లా, నువ్వు గూడ ఇను. కాళ్లు నావి, జబ్బు నాది. నా కోడలి ఇల్లు మంచిది. నా కోడలు ఇంకా మంచిది. ఇగ ఎవరన్న ఒక్క మాటన్నా ఊకోను!"

లిఖిత కళ్లు తుడుచుకుని పనిలో పడింది. లాగొద్దని చెప్పింది. ముందు నిలబడి ఊపిరి పీల్చుకోమంది. తర్వాత సరళను పిలిచి, అత్తగారి పాదాల ముందు తన పాదం అడ్డంగా పెట్టమంది. దాటడానికి ఎదురుగా ఏదైనా ఉంటే కొందరికి కాలు లేస్తుందట. అందరికీ లేవదు, చూద్దాం, అంది. సరళ వెంటనే పాదం పెట్టింది.

చాంది కంగారుపడిపోయింది. "వద్దు వద్దు! మనిషి కాలు దాటుడేంది? తప్పు బిడ్డా!"

"దాటు అత్తమ్మా. నా కాలే గదా… దాటు."

చాంది కాసేపు కోడలి పాదాన్నే చూస్తూ నిలబడింది. కుడికాలు లేచింది. సరళ పాదానికి తగలకుండా జాగ్రత్తగా, ఎత్తుగా వేసి అవతల మోపింది. రెండో కాలు దాని వెంట వచ్చింది. అక్కడితో ఆగకుండా మంచం దాకా నడిచి కూర్చుని, ఆయాసపడుతూ కోడలి వైపు చూసింది.

"సారపాక బస్సు ఎన్ని గంటలకు?"

సోని ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్లి సంచి తీసి, తలుపులోంచి కేకేసింది. "యాడీ, చీరెలు రెండు పెట్టాల్నా, నాలుగు పెట్టాల్నా?"

"అన్నీ పెట్టు," అంది చాంది.