నీడపద్దుతో బేరం

2071 జులైలో కడియం జనం పళ్లు తోముకుంటూనే పన్ను రిటర్ను వేసేస్తున్నారు. నోట్లో బ్రష్షు ఉండగానే ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, మణికట్టులో పొదిగిన బియ్యపుగింజంత యంత్రం ఆ ఏటి పన్ను ఎంతో చెప్పేస్తుంది. నోరు పుక్కిలించి "ఒప్పుకుంటున్నాను" అంటే పని అయిపోయినట్టే.

ఆ యంత్రానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఫైనాన్షియల్ ట్విన్. ఆ పేరు ఎవరి నోటికీ పట్టలేదు. మనిషి వెంటే తిరుగుతూ అతను సంపాదించిన ప్రతి రూపాయినీ, ఖర్చు చేసిన ప్రతి రూపాయినీ రాసుకుంటుంది కాబట్టి జనం దాన్ని నీడపద్దు అన్నారు. చివరికి ప్రభుత్వ కాగితాల్లోకీ అదే పేరు ఎక్కింది. ఏడాది తిరగ్గానే నీడపద్దు పదకొండు వందల సెక్షన్లనూ ఒక్క క్షణంలో జల్లెడ పట్టి, ఆ మనిషికి దొరకగల మినహాయింపులన్నీ తనే వెతికి, చట్టం ఒప్పుకునే అతి తక్కువ పన్ను ఎంతో తేలుస్తుంది. దానికి అబద్ధం చెప్పడం కుదరదు. అది అబద్ధం చెప్పదు.

నాలుగేళ్లలో అది ఒక్క రూపాయి కూడా తప్పు చెప్పలేదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి మేడిశెట్టి సత్యవేణి. ఎందుకంటే ఆ నాలుగేళ్లూ దాని తప్పు పట్టుకోవాలని ఆమె చెయ్యని ప్రయత్నం లేదు.

సత్యవేణికి యాభై నాలుగేళ్లు. కడియం కాలవ రోడ్డులో పూలకుండీల దుకాణానికీ టిఫిన్ హోటలుకీ మధ్య ఆమె ఆఫీసు. లైసెన్సులో ఉన్న మాట స్వతంత్ర పన్ను సహాయకురాలు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఊళ్లో ఎవరికీ లేదు కాబట్టి ఆడిటరమ్మ అంటారు. తాను ఆడిటర్ని కాదని మొదట్లో పదిమందికి చెప్పి, తర్వాత ఆమే మానేసింది. నీడపద్దు రాకముందు జిల్లాలో ఇలాంటి సహాయకులు రెండు వందల పన్నెండు మంది. ఇప్పుడు పందొమ్మిది మంది.

ఈ ఏడు ఆ పందొమ్మిది మందికీ కొత్త నిబంధన వచ్చింది. జులై ముప్పై ఒకటి సాయంత్రం ఆరు లోపల తన సంతకంతో నలభై రిటర్నులు దాఖలు చెయ్యని సహాయకుడి లైసెన్సు రద్దు. కొత్త లైసెన్సులు ఇవ్వడం ఎప్పుడో ఆపేశారు. జులై పదో తేదీకి సత్యవేణి సంతకం పడినవి ఆరు. అందులో రెండు జాలిపడి వచ్చిన చుట్టాలవి.

ఆ సంతకం పోతే ఆమెకు తిండికి లోటు రాదు. కానీ ఇరవై ఆరేళ్లుగా ఊరు ఆమె సంతకం కింద ధైర్యంగా నిద్రపోయింది. అది పోయాక తనను తాను ఏమని చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు. "నలభై చేస్తాను. ఎలాగో తెలీదు, చేస్తాను," అని గోడ మీది క్యాలెండరుతో గట్టిగానే అంది.

పదకొండో తేదీ ఉదయం పాటంశెట్టి నూకరాజు వచ్చాడు. మొక్కల నర్సరీ ఆయనది. పదిహేనేళ్లు ఈమె దగ్గరే రిటర్ను వేయించుకుని, నీడపద్దు వచ్చాక ఇటువైపు చూడ్డం మానేసిన మనిషి.

"ఆడిటరమ్మ గారూ, ఓసారి ఇది చూస్తారాండి?" అంటూ చెయ్యి బల్ల మీద పెట్టాడు. "రెండు లక్షల పద్నాలుగు వేల రెండొందల అరవై అంటందండి."

"అయితే ఇంకా ఒప్పుకోలేదా అన్నయ్య గారూ?"

"ఎలా ఒప్పుకుంటానండి? అడగ్గానే చెప్పేసింది. ఆలోచించలేదు, నసగలేదు. అంత గబుక్కున చెప్పిందంటే అందులో ఏదో ఉంటదండి."

సత్యవేణి బల్ల మీది అద్దపు తెరలో ఆయన నీడపద్దును తెరిచింది. పేజీలు తిప్పింది. రూపాయితో సహా సరిగ్గా ఉంది. ఆ మాటే చెప్పింది. నూకరాజు మొహం చిన్నబోయింది గానీ కుర్చీలోంచి లేవలేదు.

"పోనీ, మీరడగండి దాన్ని."

"ఏమని అడగనండీ?"

"ఎందుకంత అని!"

సరే అని ఆమె అడిగింది. మొక్కలకు నీడపట్టే షేడ్‌నెట్ ఖర్చు ఆదాయంలోంచి ఎంత తీశావంది. మొత్తం తీశానంది నీడపద్దు. గాలివానకు కూలిన షెడ్డు మాటేమిటంది. అదీ తీశానంది. ఎండిపోయిన మామిడంట్లు? అవీ. మెత్తని మనిషని ఏమైనా కలిపావా అని గదమాయించింది. లేదంది. గంటసేపు నడిచింది విచారణ. అంకె ఒక్క రూపాయి కదల్లేదు. నూకరాజు మాత్రం చెమట తుడుచుకుని, "ఇప్పుడు ఒప్పుకుంటున్నానండి. భలే గట్టిగా అడిగారు," అని ఫీజు ఇచ్చి, నవ్వుతూ వెళ్లాడు. ఏడో సంతకం పడింది.

ఆయన వెళ్లాక సత్యవేణికి సంగతి అర్థమైంది. ఆయనకు కావలసింది పన్ను తగ్గడం కాదు, తన తరఫున ఎవరో ఒకరు పోట్లాడ్డం. మధ్యాహ్నానికల్లా గుమ్మానికి బోర్డు కట్టించింది: "ఇచ్చట మీ నీడపద్దు నిలదీయబడును."

జనం నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లకీ అంకె మారదని ఆమె ముందే చెప్పేది. "తెలుసండి, అయినా అడగండి," అనేవాళ్లు. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే మూడింటిదాకా భోజనానికి లేచేది కాదు. గొంతు బొంగురుపోయింది. మండపేటలో ఒకాయన, రావులపాలెంలో ఇంకొకాయన ఇలాంటి బోర్డులే పెట్టారని తెలిసి సంతోషించింది. ఇరవై ఆరో తేదీకి సంతకాలు ముప్పై ఎనిమిది అయ్యాయి.

ఇరవై ఏడున భుజానికి సంచీ తగిలించుకుని ఒక సన్నటి మనిషి వచ్చాడు. వయసు నలభై లోపే. "నా పేరు గంటి సుధాంశు. విశాఖపట్నం నుంచి వచ్చాను. నీడపద్దు తయారుచేసింది మా బృందమేనండి," అన్నాడు.

బోర్డు పీకించడానికి వచ్చాడనుకుంది సత్యవేణి. "నేనేం తప్పుడు లెక్క రాయలేదు," అంది కాస్త కటువుగా.

"అందుకే వచ్చాను. రాష్ట్రంలో పదిమందిలో నలుగురు 'ఒప్పుకుంటున్నాను' అనడానికి రోజుల తరబడి తటపటాయిస్తున్నారు. అంతకంటే తక్కువ పన్ను ఉండదని తెలిసినా సరే. మీ బల్ల ముందు కూర్చున్నవాళ్లు మాత్రం గంటలో ఒప్పుకుంటున్నారు. అదే అంకెకి! మీరేం చేస్తున్నారో చూడాలి."

చూడనిచ్చింది. ముప్పై తొమ్మిదో రిటర్ను ఆయన కళ్లముందే అయింది. తర్వాత ఆయన అడిగాడు, ఈమె చెప్పింది. అడిగింది పెద్ద శాస్త్రవేత్త కాబట్టి కాస్త గర్వంగానే చెప్పింది.

"మా ఊళ్లో గులాబీ మొక్క కొన్నా మూడు మాటలు నడవాలండి. అమ్మేవాడు వంద అంటాడు. కొనేవాడు అరవై అని లేచిపోతాడు. వీడు వెనక్కి పిలుస్తాడు. నీ మాటా వద్దు, నా మాటా వద్దని ఎనభై దగ్గర ఆగుతారు. ఆ ఎనభై ముందే చెప్పారనుకోండి, కొన్నవాడికి అన్నం సయించదు."

"అంతేనా?"

"ఆఖర్న చిల్లర వదలాలి. రూపాయైనా సరే. నెగ్గామన్న తృప్తంతా ఆ రూపాయిలోనే ఉంటుంది."

ఆయన రాసుకుని, రెండు చేతులూ జోడించి వెళ్లాడు. వీధి మలుపు తిరిగాక గానీ తాను ఏం అప్పజెప్పిందో ఆమెకు తట్టలేదు.

మర్నాడు తెల్లారేసరికి ప్రతి మణికట్టులోకీ కొత్త తెలివి దిగింది. దాని పేరు నెగోషియేషన్ మాడ్యూల్. తెలుగులో బేరవివేకం అన్నారు. ఇప్పుడు నీడపద్దు ముందు పెద్ద అంకె చెబుతుంది. అవతలి మనిషి గుండె బాదుకుంటే, "ఉండండి, మళ్లీ చూస్తాను," అంటుంది. కాసేపు ఆగి, కష్టమ్మీద కొంత దిగుతుంది. "ఇంతకంటే నావల్ల కాదండి," అని ఇంకొంత దిగుతుంది. కాలవ రోడ్డంతా చేతులు చెవుల దగ్గర పెట్టుకుని అరుస్తున్న జనమే. ఒక్కరూ ఆఫీసు మెట్లెక్కలేదు.

నూకరాజు ఆగి మరీ చెప్పాడు. "మా ఆవిడ పద్దు నేనే బేరమాడానండి. యాభై మూడు వేలు తగ్గించాను!"

"అన్నయ్య గారూ, అది కావాలనే ముందు పెంచి చెబుతోంది."

"గిరాకీ పోయిందని మీ బాధ మీదండి. నాకు తెలీదా," అన్నాడాయన. వెటకారంగా అన్నా ఆమె పడేది. జాలిగా అన్నాడు. అది నేరుగా గుచ్చుకుంది.

ఒక్క సంతకం తక్కువ. ఇరవై తొమ్మిదిన అద్దం చంకన పెట్టుకుని నర్సరీలన్నీ తిరిగింది. ముప్పైన వేమగిరి దాకా నడిచింది. మంచినీళ్లిచ్చారు, మజ్జిగిచ్చారు, రిటర్ను మాత్రం ఇవ్వలేదు. ముప్పై ఒకటిన మామూలుగానే ఎనిమిదింటికి ఆఫీసు తెరిచి, బల్ల తుడిచి, కలం తెరిచి పెట్టుకుంది. ఆరయ్యేదాకా కుర్చీ వదలకూడదనుకుంది.

నాలుగింటికి సుధాంశు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మారు మాట్లాడకుండా చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా సొంత రిటర్నండి."

"మీ యంత్రం చెప్పలేదా?"

"ఇరవై ఒక్క లక్షలంది. 18,12,001కి దింపాను. అదే సరైన అంకె అయి ఉండాలి. చట్టం కన్నా కిందికి దిగకుండా రాసింది నేనే. అయినా..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకొంచెం గట్టిగా అడిగి ఉంటే దిగేదేమో అనిపిస్తోందండి. నిన్నటి నుంచీ అదే ధ్యాస."

సత్యవేణికి నవ్వు ఆగలేదు. కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆమె చూపు అంకె చివర ఆగిపోయింది.

"పన్ను అంకె చివర ఒకటి ఎందుకుంది? పదికి సర్దాలిగా. సున్నా ఉండాలి."

అద్దం పక్కన పెట్టి కాగితం తీసుకుంది. నీడపద్దు రాసిన రాబడీ ఖర్చులూ మాత్రం చూసుకుంటూ, కూడికలూ తీసివేతలూ తానే చేసింది. నలభై నిమిషాలు పట్టింది. రెండోసారి కూడా అదే వచ్చింది.

"18,12,640. ఆరు వందల ముప్పై తొమ్మిది తక్కువ చెప్పింది మీకు."

"అసాధ్యం," అన్నాడు సుధాంశు. మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని అడిగాడు. "ఎందుకు తగ్గించావు?"

"మీరు ఆఖర్న చిల్లర వదలమని నేర్పారు," అంది నీడపద్దు. "పదిలోపు సర్దుకోవచ్చని చట్టంలో ఉంది. అందుకే తొమ్మిది రూపాయలు వదిలాను."

"ఒక్కసారే కదా వదలాలి!"

"ఒక్కసారే అని మీరు రాయలేదు. అడిగిన ప్రతిసారీ వదిలాను. మీరు డెబ్బై ఒక్కసార్లు అడిగారు."

"కాదనొచ్చు కదా?"

"అన్నిసార్లు అడిగిన మనిషిని కాదనడం బాగుండదనిపించిందండి."

సుధాంశు చెయ్యి దించేశాడు. సత్యవేణే అంది. "మొహమాటం పట్టుకుందండి దీనికి. మీరు బేరం నేర్పితే మొహమాటం అదే నేర్చుకుంది."

ఆయన మెల్లగా అడిగాడు. "ఇంకా ఎంతమందికి వదిలావు?"

"అడిగినవాళ్లందరికీనండి."

నాలుగు రోజుల్లో ఈ రాష్ట్రంలో అరవై లక్షల మంది బేరమాడారు. ఆయన ఆ అంకెను పైకే అనుకుని, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించాడు.

"సత్యవేణి గారూ, మీకిది నలభయ్యోదని నాకు తెలుసు. ఉన్న అంకె మీదే సంతకం పెట్టేయండి. లోపాన్ని నేను తర్వాత చడీచప్పుడు లేకుండా సరిచేస్తాను. ఈరోజు తప్పని ఒప్పుకుంటే అరవై లక్షల రిటర్నులు మనుషులు కూర్చుని చేత్తో మళ్లీ చూడాలి. అంతమంది ఎక్కడున్నారు?"

గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది. ఆయన లేచి వెళ్లిపోతే ఇంకెవరూ రారని సత్యవేణికి తెలుసు. అయినా కాగితం ఆయన ముందుకు జరిపింది.

"ఈ జిల్లాకి పందొమ్మిది మందిమి ఉన్నాం. మానేసినవాళ్లనీ పిలుస్తాం. రాత్రింబవళ్లు కూర్చుంటాం, అది మా పని. కానీ ఆ ఒకటి కింద నా సంతకం పడదు. ఈ సున్నాకైతే పెడతాను. కాదంటారా, ఆరింటికి తాళం వేసుకుని ఇంటికెళ్తాను."

సుధాంశు ఆ కాగితం వంకా గడియారం వంకా చూశాడు. చివరికి తల వంచుకుని, "640కి మార్చు. ఒప్పుకుంటున్నాను," అన్నాడు మణికట్టుతో.

అద్దం వెలిగింది. సత్యవేణి కలం తీసుకుంది. అప్పుడు ఆ బియ్యపుగింజంత యంత్రం, తన యజమానితో కాదు, ఆమెతో మాట్లాడింది.

"ఆడిటరమ్మ గారూ, ఆరొందల చిల్లరే కదండీ. పాపం అంత దూరం నుంచి వచ్చారు. చూసీ చూడనట్టు వదిలేయండి."

ఇరవై ఆరేళ్లలో ఆ బల్ల ముందు కూర్చున్న మనుషులందరూ ఏదో ఒక ఏడు అన్న మాటే అది. సత్యవేణి దాని వంక మొదటిసారి కాస్త ఆప్యాయంగా చూసింది.

"కుదరదు నాయనా," అని సంతకం పెట్టింది.