హోర్పినా కూర్చునే బల్ల

మా పోల్తావా వైపు, గాలిమర దాటాక లోయ అంచున ఒక ఇల్లుంది. అందులో పిల్లి కూడా నిలవదు. పొయ్యి రాజేయకుండానే పొగగొట్టంలోంచి పొగ వస్తుందని చెప్పుకుంటారు... చీకటి పడితే బండివాళ్ళు చుట్టుదారిన పోతారు.

అది హోర్పినా ఇల్లు. మొగుడు పోయిన ఏడాదే మరిది పనాస్ ఆమెను మంచులోకి గెంటి ఇల్లు కాజేశాడు. మర్నాడు ఆమె లోయలో గడ్డకట్టి దొరికింది. ఊరంతా నోరు మూసుకుంది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఇల్లే కాబోయే అల్లుడు లావ్రిన్‌కి ఇస్తానన్నాడు పనాస్. దెయ్యాల కొంపలో కాపురమా అని లావ్రిన్ నసిగాడు. పెళ్ళి ఆగిపోయేలా ఉంది. పనాస్‌కి రోషం వచ్చింది. క్రిస్మస్ ముందురోజు పండగ భోజనం అక్కడే చేసి చూపిస్తానని బయల్దేరి, లావ్రిన్‌ని కిటికీ బయట నిలబెట్టాడు. ఇదంతా లావ్రిన్ నోట విన్నదే.

ఆ సాయంత్రం చచ్చిపోయినవాళ్ళు భోజనానికి వస్తారు. అందుకే మేం కూర్చునే ముందు బల్ల మీద ఉఫ్‌మని ఊదుతాం — కనబడకుండా కూర్చున్నవాళ్ళు కాస్త జరగాలని.

"ఊదండి మామయ్యా," అని గొణిగాడు లావ్రిన్.

"నా ఇంట్లో నేనెవర్ని జరగమనాలిరా?"

తొలి చుక్క పొడిచింది. పనాస్ ఊదకుండానే చతికిలబడ్డాడు. తేనె, గసగసాలు కలిపి వండిన గోధుమల గిన్నెలో చెంచా ముంచాడు.

తలుపు తెరుచుకుంది... చప్పుడే లేదు.

ఒంటినిండా మంచుతో హోర్పినా లోపలికొచ్చింది. ఆమెకి తొందరేం లేదు. బల్ల దగ్గర వంగి — మరిది ముఖం మీద ఉఫ్‌మని ఊదింది.

దీపం ఆరలేదు. పనాస్ మాత్రం లేడు.

ఖాళీ అయిన చోట ఆమె కూర్చుంది. చెంచా అందుకుని కిటికీ వైపు తిరిగింది.

"ఈ ఇల్లు నీకే ఇస్తానన్నాడా, నాయనా?"

లావ్రిన్ అడ్డంగా తలూపాడు. ఆ తర్వాత ఇంటికెలా వచ్చిపడ్డాడో అతనికే తెలీదు. నిశ్చితార్థం నాడు పెళ్ళికూతురి తరఫువాళ్ళు కట్టిన కుట్టుపూల తువ్వాలు తెల్లారకముందే వెనక్కి పంపేశాడు.

పనాస్ లోయలో దొరికాడు, గడ్డకట్టి. నాకు పిసరంత జాలి వేయలేదు. చుట్టూ చెట్టు లేదు, గోడ లేదు, ఉన్నదంతా మెత్తని మంచే. అయినా రెండు చేతుల వేళ్ళ కణుపులూ తోలు ఊడి, నెత్తురు పేరుకుని ఉన్నాయి. ఇదెలా జరిగిందో ఎవరికీ అంతుబట్టలేదు.

శవం పక్కన కూలబడ్డ భార్య యవ్దోహా ఆ చేతుల్ని చూసి, అప్పుడు నోరు విప్పింది.

"గెంటేసిన ఆ రాత్రి అక్క మా తలుపు కొడుతూనే ఉంది... తెల్లారేదాకా. ఈయన నన్ను లేవనివ్వలేదు."