ముప్పై రెండు అంగుళాల మొలతాడు

2011 సెప్టెంబర్ 20, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు వెనక గల్లీలోని వెండి దుకాణంలో ధర్మేందర్ కౌంటర్ మీద ఒక బ్రేస్‌లెట్ పెట్టాడు. అది రెండు ముక్కలుగా ఉంది.

"లైఫ్ గ్యారంటీ అన్నరు," అన్నాడు.

కౌంటర్ వెనక సంతోషి ఉంది. దుకాణం ఆమె తండ్రి సీతారాములుది. నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి వచ్చి పెట్టాడు. సంతోషి డిగ్రీ అయ్యాక అతుకులు, కొలతలు, గొడవలు ఆమె వాటాకు వచ్చాయి.

"ఎవరి లైఫ్?" అంది సంతోషి. "మీదా, దానిదా?"

"నేనైతే బతికే ఉన్న."

"ఎట్ల తెగింది?"

"రాస్తారోకోల. పోలీసాయన చెయ్యి వట్టి గుంజిండు. చెయ్యి నాతోని వచ్చింది, గిది ఆయన దగ్గర ఉండిపోయింది."

"మరి ముక్కలు?"

"మంచోడు. పిలిచి ఇచ్చిండు."

సంతోషి ముక్కలను లైటు కింద పెట్టి చూసింది. రింగుల మధ్య గ్రీజు ఉంది.

"ఏం పని జేస్తరు?"

"ఆర్టీసీ డిపోల మెకానిక్. నిన్నటి సంది ఏం జేస్తలేను. సమ్మె."

"మెకానిక్‌కు బ్రేస్‌లెట్ ఎవరమ్మిండ్రు?"

"మీ డాడీ."

సంతోషి ముక్కలు కౌంటర్ మీద పెట్టింది. తర్వాత, "డాడీ ఎవరికైన ఏదైన అమ్ముతడు," అంది.

"అయితే మీరు చెప్పుండ్రి. రోజూ ఒంటి మీద ఉండాలె. తెగొద్దు. తోముడు, పాలిష్ వెట్టుడు నాతోని గాదు. ఏమున్నది గట్లాంటిది?"

"ఉంగరం వద్దు. ఇంజన్ల చెయ్యి వెట్టేటోనికి ఉంగరం దుష్మన్. వేలితో సహా పోతది. గొలుసు వద్దు, వంగితే ఫ్యాన్ బెల్టుల వడ్తది. రాళ్ళున్నది అసలే వద్దు, రాయి కింద గ్రీజు దూరితే నేను గీకాలె. వన్ గ్రామ్ గోల్డ్ నాలుగు స్నానాలకు పోతది. స్టీలు కడియం గట్టిదే, కానీ బ్యాటరీకి తాకితే మీరు మెరుస్తరు."

"ఇంకేం మిగిలింది?"

"వెండి మొల్తాడు."

ధర్మేందర్ అటూ ఇటూ చూశాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు.

"సిగ్గెందుకు? ఒంటికి రాసుకుంట ఉంటది గనక దానంతటదే మెరుస్తది. దొంగ చూడడు. పోలీసాయన గుంజలేడు. ఒకటే కండిషన్. కట్టినంక ఇప్పొద్దు. మా దుకాణంల కట్టిన మొల్తాడు వాపస్ తీస్కోం."

ఆమె ఒక దారం ఇచ్చి దుకాణం మూలనున్న తెర చూపించింది. కస్టమర్ తెర వెనకకు పోయి, దారంతో నడుము కొలుచుకుని, ముడి వేసి ఇవ్వాలి. తెర పక్కన గోడ మీద ఒక బోర్డు ఉంది. 'కస్టమర్ కొలతలు బయటికి చెప్పబడవు.' అది సీతారాములు రాయించాడు. ఒకప్పుడు ఒక కస్టమర్ నడుము కొలత అతని బావమరిదికి చెప్పి, వాళ్ళ కొట్లాటలో సాక్షి అయ్యాడు.

ధర్మేందర్ దారం తెచ్చి ఇచ్చాడు. సంతోషి దాన్ని స్కేలు మీద పరిచింది.

"గిది నడుమా, బస్సు టైరా?"

"ప్యాంటు మీదికెల్లి కొలిచిన."

"మొల్తాడు ప్యాంటు మీద కట్టుకుంటరా?"

అతను మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ముప్పై నాలుగు అంగుళాలు వచ్చింది. ఆమె దారానికి పేరు చీటీ కట్టి గోడ మేకుకు తగిలించింది.

"సమ్మె అయినంక జీతమొస్తది. అప్పుడు తీస్కుంట," అన్నాడు ధర్మేందర్.

"సమ్మె ఎప్పుడైతది?"

"తెలంగాణ ఒచ్చినంక."

"అప్పటిదాంక దారం ఉండొద్దా?"

"రోజూ ఒచ్చి చూస్త."

అన్నట్టే రోజూ వచ్చాడు. బ్రేస్‌లెట్ అయిందా అని అడిగేవాడు. అతుకు వెయ్యాలె, రేపు రండ్రి అనేది ఆమె. ఆ అతుకు పది నిమిషాల పని.

బస్సులు లేవు గనక ధర్మేందర్ మన్సూరాబాద్ నుంచి నడిచి వచ్చేవాడు, నడిచి పోయేవాడు. మధ్యాహ్నం రోడ్డు మీద వంటా వార్పు. గరిటె అతని చేతిలో ఉండేది. వచ్చినవాళ్ళందరికీ వడ్డించాక చూసుకుంటే గిన్నె అడుగు కనిపించేది. ఆ గిన్నె కడిగి, దుకాణానికి వచ్చేవాడు.

ఒకరోజు వాన పడింది. అతను దుకాణం ముందు రేకు కింద నిలబడ్డాడు.

"లోపలికి రండ్రి," అంది సంతోషి.

"చెప్పులకు బురద ఉన్నది."

"బురద డాడీ తుడుస్తడు. రండ్రి."

అతను వచ్చాడు. ఆమె అతని నడుము వైపు చూసింది. తల తిప్పి మళ్ళీ చూసింది. ధర్మేందర్ చొక్కా కిందికి లాక్కున్నాడు.

"బెల్టు పాతది," అన్నాడు. "జీతమొస్తే కొత్తది కొంట."

ఆమె బెల్టు చూడలేదు. బెల్టుకు కొత్తగా పొడిచిన రెండు బొక్కలు చూసింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. వాన తగ్గేదాకా ఇద్దరూ రోడ్డు చూశారు. వాన తగ్గినాక కూడా కొంతసేపు చూశారు.

ఆ వాన సాయంత్రమే సీతారాములు ఇంట్లో మాట బయటపెట్టాడు.

"సాయినాథ్‌కు మన సంతోషిని ఇస్తమన్న. వాళ్ళు సరేనన్నరు. దసరా నాడు పూలు, పండ్లు వెట్టి మాట ఖాయం జేస్తం."

సాయినాథ్‌కు ఎల్బీనగర్‌లో ప్లాట్ల వ్యాపారం. తెలంగాణ కోసం పెట్టిన కాలనీ జేఏసీకి కన్వీనర్. మెయిన్‌రోడ్డు మీద రిలే నిరాహార దీక్ష టెంటు అతనిదే. రిలే అంటే రోజుకొకరు మారాలి. చుట్టూ కూర్చున్నవాళ్ళు మారారు. సాయినాథ్ మారలేదు. అతనికి మూడు ఉంగరాలు, కడియం, గొలుసు ఉన్నాయి. కెమెరా వస్తే అవి జేబులోకి పోయేవి. కెమెరా పోతే తిరిగి వచ్చేవి.

సమ్మె రోజుల్లో దుకాణాలు పది తర్వాత తెరిచి ఐదుకు ముందే మూసేవాళ్ళు. సీతారాములు పొద్దున దుకాణానికి వచ్చేటప్పుడు సాయినాథ్ టెంటులో ఉన్నాడు. సాయంత్రం పోయేటప్పుడూ ఉన్నాడు. నీళ్ళు తాగుతూ కనిపించాడు. సీతారాములు చూసింది ఇంతే.

"పద్దినాల సంది మెతుకు ముట్టలే బిడ్డా," అన్నాడు. "తెలంగాణ కోసం గట్ల ఎండుతుండు. గసుంటోడు మనకు దొరుకుతడా?"

సంతోషి నోరు తెరిచింది. బోర్డు గుర్తొచ్చి మూసింది.

ఎందుకంటే సాయినాథ్ అంతకు ముందు వారం ఒకసారి, ఆ వారం ఒకసారి దుకాణానికి వచ్చాడు. రెండుసార్లూ సీతారాములు అన్నానికి ఇంటికి పోయిన వేళే వచ్చాడు. ఎండాకాలంలో అక్కడే కొన్న మొలతాడు బిగుతైందని, రింగులు కలపమన్నాడు.

"ఉపాసం ఉంటే గ్యాస్ వడ్తది సంతోషి గారూ," అన్నాడు మొదటిసారి. "గ్యాస్‌కు నడుము ఉబ్బుతది. గిది సైన్స్."

"రెండోసారి గూడ గ్యాసేనా?"

"దీక్ష పెరిగే కొద్ది గ్యాస్ పెరుగుతది. అంకుల్‌కు చెప్పకుండ్రి, పరేషాన్ అయితడు."

"మా దుకాణం ఎవ్వరికీ చెప్పది," అంది సంతోషి. రెండుసార్లకు మొత్తం రెండు అంగుళాల రింగులు కలిపింది.

ఇప్పుడు ఆ మాట ఆమె మెడకే చుట్టుకుంది. చెబితే దుకాణం మాట పోతుంది. చెప్పకపోతే దసరా నాడు పూలు, పండ్లు.

వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కాబోయే అల్లుడికి వెండి మొలతాడు ఇంట్లోనే చేసి, మాట ఖాయమైన రోజు కట్టాలి. సీతారాములు మేకు మీద నుంచి సాయినాథ్ ఎండాకాలపు దారం తీశాడు. ముప్పై నాలుగు.

"ఇన్ని దినాల ఉపాసం గదా. రెండంగుళాలు తగ్గించి చెయ్యి," అన్నాడు కూతురితో. "ముప్పై రెండు."

"డాడీ, ఒకసారి మళ్ళ కొలుస్తే మంచిగుంటది."

"దీక్షల ఉన్నోని నడుముకు దారం వట్టుకొని పోతనా? నవ్వరా నలుగురు?"

"మళ్ళ కొలువు డాడీ. నా మాట ఇను."

"చెప్పింది చెయ్యి."

చెప్పింది చేసింది. నాలుగు అంగుళాల రింగులు ఎక్కువ వేసి సాయినాథ్ మానం కాపాడవచ్చు. ఆ రింగులు చేతిలో పట్టుకుని కొంతసేపు కూర్చుంది. తర్వాత వాటిని డబ్బాలో వేసి మూత పెట్టింది.

మర్నాడు ధర్మేందర్ వచ్చాడు. బల్ల మీద మొలతాడు చూశాడు.

"ఎవరిది?"

"నాకు కాబోయే ఆయనది. దసరా నాడు కడ్తరు."

అతను బ్రేస్‌లెట్ సంగతి అడగలేదు. మేకు వైపు చూశాడు.

"నా దారం తీసెయ్యిండ్రి అయితే."

"అది దుకాణం దారం. తీసేది మేము. మీరు దసరా నాడు జమ్మి వట్టుకొని రండ్రి."

"ఎందుకు?"

"పండగ గదా. జమ్మి ఆకే బంగారమని పెద్దోళ్ళకు ఇయ్యరా?"

అక్టోబర్ 6, గురువారం, దసరా. సాయంత్రం దుకాణంలో సీతారాములు, అతని భార్య అండాలమ్మ, అండాలమ్మ తమ్ముడు జానయ్య, సాయినాథ్, అతని తల్లి ఉన్నారు. గల్లీ మొదట్లో టిఫిన్ సెంటర్ నడిపే త్రినాథరావు వడలు తెచ్చాడు. ఆయనది తెనాలి. జానయ్య రైస్ మిల్లులో పని చేస్తాడు. మిల్లు చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ అతనికి మెల్లగా మాట్లాడడం రాదు.

మొలతాడు కట్టడానికి జానయ్య, సాయినాథ్‌ను తీసుకుని తెర వెనకకు పోయాడు. బయటవాళ్ళు నిలబడ్డారు.

"బావా, కొక్కెం అందుతలేదు!" అని వినిపించింది.

"జర కిందికి పెట్టు," అన్నాడు సీతారాములు.

"కింద ఇంకెక్కువున్నది!"

"ఊపిరి బిగవట్టుమను."

 తర్వాత దగ్గు వినిపించింది.

"బిగవట్టిండు. అయిన బెత్తెడు దూరమున్నది. ఎవని కొలత బావా ఇది?"

సాయినాథ్ బయటికి వచ్చాడు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది.

"గ్యాస్ అంకుల్. ఉపాసంతోని."

"గిది గ్యాస్ గాదు బావా," అన్నాడు జానయ్య తెర పక్కకు జరుపుతూ. "గిది బిర్యాని. మిల్లుల బస్తాలు మోసినోన్ని, ఏ బస్తల ఏమున్నదో చెప్త."

సీతారాములు త్రినాథరావు వైపు చూశాడు.

"నన్ను చూస్తారేంటండీ?" అన్నాడు త్రినాథరావు. "మా దగ్గర తిన్నవాళ్ళ పేర్లు మేం చెప్పం. పొద్దున తొమ్మిదింటికి ఎన్ని ప్లేట్లు తిన్నారో అసలే చెప్పం."

"నేను ఇరవై నాలుగ్గంటల దీక్ష అని ఎన్నడన్న చెప్పిన్నా అంకుల్?" అన్నాడు సాయినాథ్. "బ్యానర్ మీదనే ఉన్నది. పది నుంచి ఐదు. చదువుకోవచ్చు."

బ్యానర్ మీద ఉన్న మాట నిజం. పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాల్లో ఉంది. సీతారాములు పెద్ద అక్షరాలు చదివాడు.

"నీకు తెల్సా?" అని కూతుర్ని అడిగాడు.

"తెల్సు."

"మరెందుకు చెప్పలే?"

సంతోషి బోర్డు చూపించింది. సీతారాములు తాను రాయించిన బోర్డు చదివాడు.

సాయినాథ్ తల్లి లేచింది. "మొల్తాడు పట్టలేదని సంబంధం వద్దంటరా?"

"మొల్తాడు గురించి గాదమ్మా," అన్నాడు సీతారాములు. పూలు, పండ్ల పళ్ళెం పక్కకు జరిపాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. పోతూ సాయినాథ్ వడల ప్లేటు ఖాళీ చేశాడు.

అప్పుడు ధర్మేందర్ జమ్మి ఆకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. సీతారాములు చేతిలో ఆకు పెట్టి కాళ్ళకు మొక్కాడు.  ఏమైందో అతనికి తెలియదు.

"మామా," అంది సంతోషి జానయ్యతో. "మేకుకు ఇంకొక దారం ఉన్నది. ఈయనది."

జానయ్య చీటీ చూసి దారాన్ని స్కేలు మీద పెట్టాడు. "ముప్పై నాలుగు. గిది గూడ పట్టది."

"అది సమ్మెల రెండో దినం కొలత. బెల్టు చూడు."

జానయ్య బెల్టు చూశాడు. బొక్కలు మూడయ్యాయి. అతను సాయినాథ్‌కు పట్టని మొలతాడు తీసుకుని, ధర్మేందర్‌ను చెయ్యి పట్టుకుని తెర వెనకకు తీసుకుపోయాడు.

"ఎందుకే నన్ను గుంజుతున్నవ్?" అని ధర్మేందర్ గొంతు వినిపించింది. ఆ తర్వాత కొక్కెం పడిన చప్పుడు వినిపించింది.

"పట్టింది బావా! వేలు దూరే జాగ గూడ ఉన్నది!"

"చూడుమంటే కట్టినవారా?" అన్నాడు సీతారాములు. "కట్టింది ఇప్పొద్దు గదా!"

ధర్మేందర్ బయటికి వచ్చాడు. సీతారాములు అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు.

"సమ్మెల ఏం తిన్నవ్ బాబూ?"

"మిగిలింది."

"ఏం మిగిలేది?"

"ఎక్కువ మిగలకపోయేది."

సీతారాములు బిల్లు బుక్కు తీసి, మళ్ళీ పక్కన పెట్టాడు. "చూడు. ఈ మొల్తాడు మా అల్లునికి చేసింది. కట్టినంక వాపస్ తీస్కోం. అయితే బిల్లు రాయాలె, లేకుంటే లగ్గం వెట్టాలె."

ధర్మేందర్ సంతోషి వైపు చూశాడు. ఆమె బ్రేస్‌లెట్ ముక్కల వైపు చూసింది.

"బిల్లు కట్టనీకి జీతం లేదు మామా," అన్నాడు.

"నీకిష్టమేనా బిడ్డా?" అని అండాలమ్మ కూతుర్ని అడిగింది.

"పదహారు దినాల సంది ఆయన బెల్టుకు బొక్కలు లెక్కవెడుతున్న," అంది సంతోషి. "ఇంకేం చెప్పాలె?"

"బెల్టు పాతదని చూస్తున్నరనుకున్న," అన్నాడు ధర్మేందర్.

"పాత సామాను తప్ప ఇంకోటి కనవడది గనకనే మీకు మెకానిక్ పని ఇచ్చిండ్రు."

మర్నాడు ధర్మేందర్ తల్లిదండ్రులు బిక్షమయ్య, స్వరూపరాణి మన్సూరాబాద్ నుంచి నడిచి వచ్చారు. మాట ఖాయమైంది. ఆ రోజే బ్రేస్‌లెట్‌కు అతుకు పడింది.

అక్టోబర్ మధ్యలో బస్సులు కదిలాయి. ధర్మేందర్ డ్యూటీలో చేరాడు. మార్చిలో లగ్గం అయింది. సాయినాథ్ వచ్చాడు, రెండు పంక్తుల్లో తిన్నాడు.

2014 జూన్ 2, సోమవారం, సాయంత్రం. తెలంగాణ వచ్చిందని రోడ్ల మీద పటాకులు కాలుతున్నాయి. ధర్మేందర్ దుకాణానికి వచ్చి తెర వెనకకు వెళ్ళాడు. సంతోషి దారం అందించింది. మొలతాడుకు రింగులు కలిపారు. ఎన్ని కలిపారో దుకాణం వాళ్ళు చెప్పలేదు.