జిగురు ఆనవాలు

స్నెజినా పరిగెడుతోంది.

రూసే ఊరి రేవంతా పొగమంచు. పక్కనే ఉన్న డాన్యూబ్ నది కూడా కనిపించడం లేదు. కాళ్ల కింద తడి రాళ్లు జారుతున్నాయి. ఒంటి మీద ల్యాబ్ కోటు అలాగే ఉంది.

ఫోన్ చెవి దగ్గర మోగుతోంది... అవతల ఎవరూ ఎత్తడం లేదు.

"ఎత్తు జివ్కో... ఎత్తు."

చనిపోయినవాళ్ల రక్తంలో ఏ విషం ఉందో తేల్చడం ఆమె పని. ఈమధ్య ఆమెకి నిద్ర లేకుండా చేసింది ఒకటే కేసు.

కలీనా. మూడేళ్ల పాప. పడుకుంది... లేవలేదు.

రక్తంలో ఫెంటనిల్. నొప్పికి ఇచ్చే మందే, మత్తుకీ వాడతారు. పసిదానికి చిటికెడు చాలు.

ఆ మాట బయటికి రాగానే ఊరంతా ఒకడి వైపే చూసింది. జివ్కో. పాప బాబాయి. ఒకప్పుడు మత్తు సూదులకి బానిస. మానేసి ఏళ్లయింది. అయినా ఎవరు నమ్ముతారు? ఆ రోజు పాపకి సూప్ తాగించింది అతడే.

పోలీసులు పట్టుకెళ్లారు. సాక్ష్యం లేక వదిలేశారు. అప్పటి నుంచి రేవులో కట్టేసిన ఓ సరుకు పడవ, బార్జ్ మీదే ఉంటున్నాడు.

పాప తండ్రి ప్లామెన్ మాత్రం వదల్లేదు.

ఈ మధ్యాహ్నం స్నెజినాకి అసలు సంగతి తెలిసింది. పాప కడుపులో మందు లేదు. మింగలేదన్నమాట. చర్మం గుండా ఎక్కింది. డొక్క మీద ఏదో అంటుకున్న ఆనవాలు... నొప్పి మందు పట్టీ తాలూకు జిగురు.

వెంటనే పాప తల్లికి ఫోన్ చేసింది.

"దఫీనా, మీ ఇంట్లో ఎవరైనా నొప్పికి పట్టీ వేసుకుంటారా?"

"మా ఆయన. షిప్‌యార్డులో పడ్డప్పటి నుంచి నడుము నొప్పి. ఛాతీ మీద అంటించుకుంటారు. ఎందుకండీ?"

"ఆ రోజు పాప ఎక్కడ పడుకుంది?"

"ఆయన గుండెల మీదే. అక్కడైతేనే దానికి నిద్ర. తర్వాత ఆయన పట్టీ ఊడిపోయిందని వెతుక్కు..."

మాట ఆగిపోయింది. 

"డాక్టర్... ఆయన వేట తుపాకీ పట్టుకుని రేవుకి వెళ్లారు."

పోలీసులకి చెప్పి, స్నెజినా కారెక్కింది. రేవు గేటు దగ్గర దిగి పరుగు తీసింది.

ఇప్పుడు... ఫోన్ ఎత్తారు.

"ఎవరు?"

"జివ్కో, నేను ల్యాబ్ డాక్టర్ని. బార్జ్ దిగి పారిపో. మీ అన్న వస్తున్నాడు."

"వచ్చేశాడు. గట్టు మీద ఉన్నాడు."

"నువ్వు కాదని తేలింది. మీ అన్న పట్టీ నిద్రలో ఊడి పాపకి అంటుకుంది. అంతే."



"అన్నకి తెలుసా?"

"ఇంకా లేదు."

"తెలిస్తే అన్న బతకడు డాక్టర్."

"ముందు నువ్వు బతుకు."

ఫోన్ కట్.

బార్జ్ ఇనుప మెట్లు. ఎక్కేస్తోంది. బార్జ్ మీద ఇద్దరు మనుషులు.

ప్లామెన్ తుపాకీ తమ్ముడికి గురిపెట్టి ఉన్నాడు. అతడు ఏడుస్తున్నాడు.

"అన్నా, వణికిపోతున్నావ్. లోపలికి రా, కాస్త రకియా సారా పోస్తా."

"నోర్ముయ్. అమ్మ పోయాక నా రొట్టెలో సగం నీకు పెట్టానురా. నువ్వు నా బిడ్డకి ఏం పెట్టావ్?"

"ఆగండి," స్నెజినా రొప్పుతోంది. "అతడు కాదు. రిపోర్ట్ వచ్చింది."

తుపాకీ కాస్త కిందికి దిగింది.

"మరెవరు?"

జవాబు నాలుక చివరే ఉంది. ఆ తండ్రి కళ్లలోకి చూసింది... నాలుక కదల్లేదు.

ఒక్క క్షణం. అంతే.

"ఆవిడ నన్ను కాపాడాలని చూస్తోంది అన్నా," అంటున్నాడు జివ్కో. "నేనే. మళ్లీ మొదలెట్టాను. పాప నా జేబులోది తీసి తినేసింది."

"అబద్ధం!" స్నెజినా అరిచింది.

తుపాకీ పేలింది.

జివ్కో వెనక్కి పడ్డాడు. స్నెజినా రెండు చేతులతో గాయాన్ని అదిమి పట్టింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా... ఆగడం లేదు.

"చెప్పొద్దు..." జివ్కో పెదాలు మాత్రం కదిలాయి. ఆ తర్వాత అవీ కదల్లేదు.

తుపాకీ ఇనుప నేల మీద పడింది. ప్లామెన్ కూలబడి తమ్ముడి తలని ఒళ్లోకి తీసుకున్నాడు. "చిన్నోడా... ఒరేయ్ చిన్నోడా..."

దూరంగా సైరన్.

ఆ ఏడుపులోనే తలెత్తి స్నెజినా వైపు చూశాడు.

"డాక్టర్... ఇందాక అబద్ధం అన్నారు. ఏది అబద్ధం?"